పిన్నును వదిలేసి తీగను తిడతారెందుకు?

2025 మే 18, ఆదివారం పొద్దున్నే గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకుంది. చార్మినార్‌కు కూతవేటు దూరం. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు, పైకి పోవడానికి ఒక్కటే ఇరుకు మెట్లదారి. 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. పొగ వాసన ఇంకా పోకముందే కారణం బయటికొచ్చింది: షార్ట్ సర్క్యూట్. దాని వెనకాలే మిగతా మాటలూ వచ్చాయి. పాతబస్తీలో వైరింగంతా పాతదే కదా, ఏసీలు మితిమీరాయి కదా, కొక్కేలేసి కరెంటు లాగుతారు కదా, కాలక ఏం చేస్తుంది?

ఈ మాటలనేవాళ్లు చెడ్డవాళ్లని నేననను. వాళ్ల లెక్క సూటిగానే ఉంటుంది. తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు లాగారు, లేదా దొంగతనంగా లాగారు. తీగ వేడెక్కి తొడుగు కరిగింది, ఫేజూ న్యూట్రలూ కలిశాయి, నిప్పు పుట్టింది. జబ్బు తేలింది కాబట్టి మందూ సిద్ధం. మందమైన తీగ వేయండి, కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే ఎంసీబీ పెట్టండి, కొక్కేలు పీకేయండి. ఇంజినీరు, నాయకుడు, ఇంటి ఓనరు, ఎలక్ట్రీషియన్ నలుగురూ ఒప్పుకునే మాట బహుశా ఇదొక్కటే.

నలుగురూ ఒప్పుకున్నంత మాత్రాన నిజమైపోదు. ఇళ్లలో, దుకాణాల్లో కరెంటు మంటలు తీగ మధ్యలో పుట్టడం తక్కువ. తీగ అయిపోయి పిన్ను మొదలయ్యే చోట, పిన్ను సాకెట్లోకి దూరే చోట, స్క్రూ కింద, టేపు చుట్టిన ముడిలో పుడతాయి. చిన్న పిన్ను మీద పెద్ద కరెంటు నడుస్తోందా లేదా అని చూడకుండా ఎంత మందం తీగ వేసినా, ఎన్ని ఎంసీబీలు బిగించినా జేబుకు చిల్లే తప్ప ఇంటికి రక్షణ లేదు. గుల్జార్ హౌజ్‌లో సరిగ్గా ఏ బిందువు దగ్గర మొదలైందో తేల్చడం దర్యాప్తు చేసేవాళ్ల పని, నాది కాదు. నా తగవు ఆ ఘటన చుట్టూ అల్లుకున్న నమ్మకంతో.

ముందు షార్ట్ సర్క్యూట్ సంగతి చూద్దాం. ఫేజు, న్యూట్రలు నేరుగా తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ పుట్టిందే ఈ పరిస్థితి కోసం. మంచి ఎంసీబీలోని అయస్కాంత భాగం సెకనులో వందో వంతులో కొట్టేస్తుంది. టప్‌మని చప్పుడొస్తుంది, ఇల్లు చీకటవుతుంది, అంతటితో సరి. ఇంతకన్నా బాగా కాపలా ఉన్న ప్రమాదం ఇంటి వైరింగులో ఇంకొకటి లేదు. అలాంటప్పుడు అన్ని మంటలనూ దాని మీదకే నెట్టేయడం ఏం న్యాయం? కాలిపోయిన బోర్డులో కరిగి పూసకట్టిన రాగి కనిపిస్తుంది నిజమే. కానీ మంట వేరే దేనితో మొదలైనా, తొడుగు కాలిపోయాక తీగలు ఒకదానికొకటి తగిలి అలాంటి పూసలే కడతాయి. అగ్నిప్రమాదాలను పరిశోధించేవాళ్లు తలపట్టుకునే చిక్కే ఇది: ఈ పూస మంటకు తల్లా, బిడ్డా? మన దగ్గర ఆ ప్రశ్న అడగరు. పూస కనిపించింది, షార్ట్ సర్క్యూట్ అని రాశారు, ఫైలు మూసేశారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల పట్టికల్లోనూ విద్యుత్ షార్ట్ సర్క్యూట్‌కు ఒక గడి ఉంది. వదులు పిన్నుకు లేదు. గడి లేని జబ్బును నమోదు చేసేదెవరు?

ఇప్పుడు పిన్ను దగ్గరికి వద్దాం. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివిన జౌల్ నియమం చాలు. వేడి కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ వేడి పుట్టేది నిరోధం ఎక్కడుంటే అక్కడ. కొత్త సాకెట్లో బిగుతుగా కూర్చున్న పిన్ను దగ్గర నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతులు కొన్నే. 5 వెయ్యో వంతులనుకుందాం. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది. ఆ పిన్ను దగ్గర పుట్టే వేడి ఒక వాటు కూడా ఉండదు. అదే సాకెట్లో స్ప్రింగు సడలి, పిన్ను మీద నల్లటి పొర కట్టి, నిరోధం ఓమ్‌లో పదో వంతుకు చేరిందనుకోండి. వేడి దాదాపు 17 వాట్లు. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడి చేతిలోని టంకం కడ్డీ 25 వాట్లది. ఇంచుమించు అలాంటి కడ్డీనే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గోడలో మూసేసినట్టయింది.

మరి ఎంసీబీ ఏం చేస్తోంది? గీజరు నిరోధం దాదాపు 17.6 ఓమ్‌లు. దానికి ఈ పదో వంతు ఓమ్ కలిస్తే కరెంటు 13.04 ఆంపియర్ల నుంచి 12.97కు తగ్గుతుంది. అవును, తగ్గుతుంది. ఎంసీబీ చూసేది కరెంటును మాత్రమే కాబట్టి దాని లెక్కలో ఇల్లు మునుపటికన్నా భద్రంగా ఉన్నట్టు! పిన్ను కాలి మసైపోతున్నా అది నోరు మెదపదు. కరెంటు కాస్త ఎక్కువైనప్పుడు కూడా దానికి తొందర లేదు. ప్రమాణం ప్రకారం రాసిన సామర్థ్యానికి 1.13 రెట్లున్న కరెంటును గంటసేపు వదిలేయాలి. 1.45 రెట్లయితే గంటలోపు కొట్టేయాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ దగ్గర దీనర్థం ఏమిటంటే, 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది తప్పు చేసినట్టు కాదు. ఆ గంటలో 6 ఆంపియర్ల సాకెట్లో దూర్చిన పిన్ను గతేమిటో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు. ఎర్తుకు కరెంటు కారితే పట్టే ఆర్‌సీసీబీ మంచిదే, మనిషి ప్రాణం కాపాడుతుంది. వదులు పిన్ను మాత్రం దాని కంటికీ ఆనదు, ఎందుకంటే కరెంటు ఎక్కడికీ కారడం లేదు, వెళ్లాల్సిన దారినే వెళ్తోంది.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. 1977లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ వదులు కనెక్షన్ల మీద ఒక పరిశోధన ప్రచురించింది. మామూలు ఇంటి కరెంటుకే వదులు స్క్రూల దగ్గర లోహం నిప్పుకణికలా ఎర్రబడి వెలగడాన్ని వాళ్లు ప్రయోగశాలలో చూపించారు. 15 ఆంపియర్ల దగ్గర ఒక్క కనెక్షన్ 35 వాట్ల దాకా వేడిగా మార్చింది. 0.8 ఆంపియరు దగ్గర కూడా 5 వాట్లు. ఒక ఫ్యానూ నాలుగు బల్బులూ లాగేంత కరెంటది! ఇంత జరుగుతున్నా సర్క్యూట్ కాపలాదార్లు పనిచేయలేదు, పనిచేసే అవసరం వాటికి కనబడలేదు. అదే సంవత్సరం మే 28న కెంటకీ రాష్ట్రంలోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ కాలి 165 మంది చనిపోయారు. అల్యూమినియం వైరింగు మీద వేలెత్తి చూపినవాళ్లున్నారు. 1972కు ముందు అల్యూమినియం తీగ వేసిన ఇళ్లలో కనెక్షన్లు నిప్పు పుట్టేంత స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్లకన్నా 55 రెట్లని అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం లెక్క. తీగలో కాదు, కనెక్షన్లలో అని గమనించాలి. మనవాళ్లు సిల్వర్ వైరనే ఆ అల్యూమినియమే ఇప్పటికీ స్తంభం నుంచి మీటరు దాకా వస్తోంది. దాని మీద గాలికి ఏర్పడే పొర కరెంటును పోనివ్వదు, స్క్రూ కింద నొక్కితే ఏళ్ల మీద మెత్తగా జారి వదులవుతుంది. పాతబస్తీ పాత ఇళ్లలో ఆ మీటర్ల బోర్డు ఉండేది చాలాచోట్ల మెట్ల కిందే. దిగి పారిపోవాల్సిన దారి కూడా అదే.

లోహం లోహానికి తగిలింది కదా, మళ్లీ నిరోధమెక్కడిదని అడిగేవాళ్లుంటారు. ఈ ప్రశ్నకు జీవితమంతా ధారపోసిన శాస్త్రజ్ఞుడు రాగ్నర్ హోమ్. ఎంత నునుపుగా కనిపించే లోహమైనా దగ్గరగా చూస్తే గుట్టలూ గోతులే. రెండు పలకలు తగిలినప్పుడు నిజంగా తగిలేది కొన్ని గుట్టల కొసలు మాత్రమే. 5 మిల్లీమీటర్ల పిన్నులోంచి పారే కరెంటంతా ఆ సూదిమొనలంత చోట్లలోంచి దూరి పోవాలి. ఆ చోట్ల విస్తీర్ణాన్ని నిర్ణయించేది పిన్ను సైజు కన్నా ఎక్కువగా దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు బలం. హోమ్ చూపించిన ఇంకో సంగతి మరీ ముఖ్యం. రాగి కాంటాక్టుకు అటూ ఇటూ 0.12 వోల్టు తేడా వచ్చిందంటే ఆ కొసల దగ్గర లోహం మెత్తబడే వేడి పుట్టినట్టే. 0.43 వోల్టుకు కరుగుతుంది. 230 వోల్టుల ఇంట్లో 0.12 వోల్టు పోయిందని బల్బు చెప్పదు, ఫ్యాన్ చెప్పదు. వేడికి స్ప్రింగు సడలుతుంది, సడలితే తగిలే చోటు తగ్గుతుంది, తగ్గితే వేడి పెరుగుతుంది, పెరిగిన వేడికి పొర కడుతుంది. ఒకసారి ఈ చక్రం మొదలైతే తనంతట తాను ఆగదు. నెలలు పట్టొచ్చు, ఒక్క వేసవి చాలొచ్చు.

వేసవి అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మన ప్లగ్గులకూ సాకెట్లకూ ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1293. ఇళ్లలో రెండు సైజులు. 6 ఆంపియర్లదానికి ఫేజు, న్యూట్రలు పిన్నులు సుమారు 5 మిల్లీమీటర్లు, 16 ఆంపియర్లదానికి సుమారు 7 మిల్లీమీటర్లు. ఈ గుండ్రటి పిన్నుల వంశం 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం నుంచి వచ్చింది. బ్రిటన్‌వాళ్లు 1947లోనే ఇళ్లకు కొత్త ప్రమాణం రాసుకున్నారు, ప్లగ్గులోనే ఫ్యూజు పెట్టుకున్నారు. మనం పాత పిన్నులనే పట్టుకుని ఉన్నాం, ఫ్యూజు పెట్టుకోలేదు. ఇలాంటి సాకెట్ల పరీక్షలో వేడి 45 డిగ్రీలకు మించి పెరగకూడదు. గదిలో 25 డిగ్రీలుంటే మొత్తం 70. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేదీ 70 డిగ్రీలే. హైదరాబాద్ మే నెలలో గదే 40 దాటితే? ప్రమాణంలో పాసైన సాకెట్ కూడా 85కు చేరుతుంది. ఐఎస్‌ఐ గుర్తున్న సరుకు కొంటే చాలనేవాళ్లు ఈ కూడికను ఒకసారి వేసుకోవాలి.

ఆ గుర్తున్న సరుకును మనం వాడే తీరు ఇంకొక కథ. రంజాన్ నెలలో రాత్రిపూట మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడిచి చూడండి. బట్టలు, గాజులు, అత్తరు, చెప్పులు, ఫలూదా, పండ్లరసాలు. ప్రతి బండి మీదా తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు, ఒక ఫ్యాను, పక్కన మిక్సీ. ఎక్కడో వెనక దుకాణం షట్టర్ లోపల ఉన్న ఒక్క 6 ఆంపియర్ల సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులోంచి ఇంకొకటి, అందులోంచి మూడోది. చివరి బండివాడు తన ప్లగ్గు చల్లగా ఉందని నిశ్చింతగా ఉంటాడు. ఉంటుంది మరి, అందులో పారేది అతని ఒక్కడి కరెంటే. అందరి కరెంటునూ మోస్తున్నది షట్టర్ లోపలి మొట్టమొదటి పిన్ను. ఆ పిన్ను వైపు చూసేవాడే ఉండడు. దాన్ని కాపాడే బ్రేకరు చూస్తే 16 ఆంపియర్లది.

ఇళ్లలో సంగతి వేరే రకం. 16 ఆంపియర్ల లావు పిన్ను 6 ఆంపియర్ల బోర్డులో దూరదు. దూరకపోవడమే దాని భద్రత. దాన్ని ఓడించడానికే కన్వర్టర్ ప్లగ్గు పుట్టింది. ఇరవై ముప్పై రూపాయల వస్తువుతో గీజరును ఫ్యాను సాకెట్‌కు తగిలించేస్తాం. రెండు రకాల పిన్నులనూ పట్టే కాంబినేషన్ సాకెట్ సదుపాయమే, కాదనను. కానీ లావు పిన్ను దూరి దూరి వెడల్పైన స్ప్రింగు ఆ తర్వాత సన్న పిన్నును ఎంత గట్టిగా పట్టుకుంటుంది? ఇక ఫోన్ చార్జర్ల రెండు పిన్నులు 4 మిల్లీమీటర్లవి. 5 మిల్లీమీటర్ల రంధ్రంలో అవి వేలాడుతుంటాయి, పెట్టేటప్పుడు చిటపటమంటాయి. చిటపట వినిపించినప్పుడల్లా స్ప్రింగు మీద ఒక మచ్చ పడ్డట్టే. మచ్చ పడిన అదే సాకెట్లో రేపు ఇస్త్రీపెట్టె పెడతాం.

ఇదంతా పేదరికం, చదువులేమి వల్ల వచ్చిందనే మాట చాలాసార్లు విన్నాను. ఆ మాట అన్నప్పుడు పెదవి ఒక పక్కకు వంగుతుంది కూడా. సరే, డబ్బూ చదువూ పుష్కలంగా ఉన్న చోటికే వెళ్దాం. 2022 అక్టోబరులో కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా తన అతి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090ను విడుదల చేసింది. దానికి కరెంటు ఇవ్వడానికి పాత పెద్ద ప్లగ్గుల బదులు ఒక చిన్న కొత్త కనెక్టర్ వచ్చింది. 12 వోల్టుల మీద 600 వాట్లు, అంటే 50 ఆంపియర్లు. వెళ్లడానికి ఆరు పిన్నులు, రావడానికి ఆరు. ఒక్కో పిన్నుకు 8.3 ఆంపియర్లు, పిన్ను సామర్థ్యం 9.5. కాగితం మీద అంతా కుదిరింది. వారాల్లోనే కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు వచ్చాయి. ప్లగ్గును పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ప్రధాన కారణమని కంపెనీ తేల్చింది. అంటే తప్పు వాడేవాడిదే! పాతబస్తీవాళ్ల గురించి మనం అనే మాట అక్కడ ఇంగ్లీషులో అన్నారు, అంతే తేడా. ఆ తర్వాత పిన్నుల పొడవులు మార్చి కనెక్టర్‌ను సవరించారు. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది, మళ్లీ కరిగిన ఫొటోలు. జర్మనీకి చెందిన ఒక నిపుణుడు కొలిచి చూస్తే ఒక్క తీగలోనే 20 ఆంపియర్లకు పైగా పారుతోంది. మిగతావి సుఖంగా ఉన్నాయి.

నాకు ఈ ఉదంతం ఎందుకు విలువైనదంటే, మన మిస్త్రీలు గట్టిగా నమ్మే ఒక సూత్రాన్ని ఇది పడగొడుతుంది. ఒక పిన్ను చాలకపోతే రెండు కలిపేయ్, రెండు చాలకపోతే నాలుగు, కరెంటు సమానంగా పంచుకుంటుందని ఆ సూత్రం. బ్యాటరీ బండ్ల రిపేర్లలో, ఇన్వర్టర్ కనెక్షన్లలో, స్టేజీ లైట్ల పెట్టెల్లో ఇది రోజూ చూడొచ్చు. కరెంటుకు సమానత్వం తెలియదు. తక్కువ నిరోధం ఉన్న దారిలో ఎక్కువ పోతుంది. ఒక పిన్ను నిరోధం 2 మిల్లీఓమ్‌లు, పక్కదానిది 10 అనుకోండి. 12 ఆంపియర్లు పంపితే చెరి 6 పోవు. మంచి పిన్నులో 10, వదులు పిన్నులో 2 పోతాయి. బాగున్న పిన్ను మీదే భారం పడుతుంది. 6 మాత్రమే మోయగలిగిన ఆ మంచి పిన్ను ముందు కాలుతుంది, తర్వాత మొత్తం బరువు వదులుదాని మీద పడుతుంది. నాలుగు పిన్నులు కలిపినప్పుడు నాలుగింతలు మోస్తుందని లెక్క వేయకూడదు. ఒకటి పనిచేయకపోయినా మిగతావి కాలకూడదన్న లెక్క వేయాలి. ఎన్విడియా కనెక్టర్లో ఆ లెక్కకు మిగిల్చిన చోటు ఏడో వంతు మాత్రమే.

అయితే చిన్న పిన్నుతో పెద్ద పని చేయించుకోకూడదా? చేయించుకోవచ్చు. చేస్తున్నవాళ్లున్నారు. మన జేబుల్లోనే ఉంది యూఎస్‌బీ టైప్-సీ. గోరంత కనెక్టర్, అందులో వెంట్రుకల్లాంటి పిన్నులు. 2021 ప్రమాణం ప్రకారం దానిలోంచి 240 వాట్లు పంపొచ్చు. ఎలా? కరెంటును 5 ఆంపియర్ల దగ్గరే కట్టేసి వోల్టేజిని 48కి పెంచారు. పంపే ముందు చార్జరు, పరికరం, కేబులు మాట్లాడుకుంటాయి. కేబులు మోయగలనని చెప్తేనే 5 ఆంపియర్లు, లేకపోతే 3. ఎన్విడియా 600 వాట్లనూ 48 వోల్టుల మీద పంపి ఉంటే 50 ఆంపియర్లు పన్నెండున్నరకు దిగేవి, అవే పిన్నుల మీద వేడి పదహారో వంతుకు పడిపోయేది. కార్ల చార్జింగ్ ప్లగ్గుల్లో చాలావాటికి పిన్ను పక్కనే ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉంటుంది, వేడెక్కితే కరెంటు తగ్గిస్తుంది. అక్కడ కాపలాదారు నిలబడింది నిప్పు పుట్టే చోట. మనం కాపలాదారును వీధి గుమ్మం దగ్గర నిలబెట్టి, వంటింట్లో పొయ్యి గురించి నిశ్చింతగా ఉన్నాం.

ఇక దొంగతనం వాదం. పాతబస్తీలో కరెంటు చౌర్యం లేదని నేననను. కొక్కెం తగిలించడం నేరం, ప్రమాదం కూడా. స్తంభం మీది తీగకు తగిలించిన కొక్కెంకన్నా వదులు కాంటాక్టు ఉండదు. పంపిణీ సంస్థకు నష్టం వస్తోందంటే వసూలు చేసుకోవడానికి చట్టం ఉంది. 2024 జూన్‌లో పాతబస్తీ బిల్లుల వసూలును ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించే ఆలోచనను ముఖ్యమంత్రే బయటపెట్టారు. దాని మీద ఎన్ని వాదాలున్నా అది డబ్బు సంగతి. నా అభ్యంతరమల్లా ఆ డబ్బు సంగతిని తెచ్చి శవాల పక్కన పెట్టడం మీదే. బిల్లు కట్టినవాడి పిన్ను దగ్గరా కట్టనివాడి పిన్ను దగ్గరా జౌల్ నియమం ఒకటే. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. కరెంటును పుట్టించే చోటు అది, ఉన్నది ఇంజినీర్లు. అక్కడ కొక్కేలెవరేశారు? 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగకు బలయ్యారు. అక్కడా మొదట వినబడింది షార్ట్ సర్క్యూట్ మాటే, దొంగ కరెంటని మాత్రం ఎవరూ అనలేదు. మూసీకి ఇటుపక్క కాలితే ప్రమాదం, అటుపక్క కాలితే అలవాటు అన్నట్టుంటుంది ఈ తీర్పు.

పోనీ మందమైన తీగ వేయడం తప్పా? తప్పు కాదు. వేయాల్సిందే. కానీ దానితో కొత్త ప్రమాదం ఒకటి వస్తుందని చెప్పేవాళ్లు తక్కువ. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాం కదా అని 20 ఆంపియర్ల ఎంసీబీని 32కు మారుస్తారు. తీగ మోస్తుంది, నిజమే. బోర్డు మీదున్న 6, 16 ఆంపియర్ల సాకెట్లు మారలేదే! మునుపు కాస్త ముందుగా పడే ఎంసీబీ ఇప్పుడు పడదు. ఆ మందపు తీగ చివర తోలు తీసి, నాలుగు పోగులు కత్తిరించి, స్క్రూ కింద దూరేలా సన్నం చేయడం కూడా నిత్యం జరిగే పనే. అప్పుడు ఖర్చు పెట్టిన మందమంతా గోడలో ఉంటుంది, నిప్పు పుట్టే చోట మాత్రం ఉండదు. తీగల్లో, కనెక్షన్లలో పుట్టే మెరుపును పసిగట్టి కరెంటు ఆపే ఆర్క్ ఫాల్ట్ పరికరాలు విదేశాల్లో వచ్చాయి, వాటిని తెచ్చుకుందామనేవాళ్లూ ఉన్నారు. అమెరికా విద్యుత్ నియమావళి 1999లోనే పడకగదులకు వాటిని చేర్చింది. మంచివే. కానీ మెరుపు లేకుండా మెల్లగా ఎర్రబడే కాంటాక్టును అవి కూడా ప్రతిసారీ పట్టలేవు. ధర సంగతి సరేసరి.

ఇంత చెప్పి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ సిబ్బంది మీటర్ల తనిఖీకి గల్లీగల్లీ తిరుగుతారు. వేడిని చూపే చిన్న కెమెరా ఒకటి వాళ్ల చేతికివ్వండి. సీలు తెగిందా అని చూసేవాడు సర్వీసు తీగ స్క్రూ దగ్గర ఎంత వేడుందో కూడా చూసి చీటీ మీద రాస్తే అదనంగా పోయేది ఒక నిమిషం. అగ్నిమాపక శాఖ, విద్యుత్ తనిఖీ శాఖ రాసే నివేదికల్లో షార్ట్ సర్క్యూట్ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఏ పిన్ను, ఏ సాకెట్, ఏ స్క్రూ, దాని సామర్థ్యమెంత, దాని మీద నడిచిందెంత అన్నవి నింపి తీరాల్సిన గడులుండాలి. రంజాన్ బజారుకూ వినాయక మండపాలకూ తాత్కాలిక కనెక్షన్ ఇచ్చేటప్పుడు కిలోవాట్ల లెక్క ఒక్కటే అడిగితే చాలదు. మొదటి ప్లగ్గు 16 ఆంపియర్లదా, పారిశ్రామిక రకందా అని చూశాకే ఇవ్వాలి. కన్వర్టర్ ప్లగ్గు మీద ఎన్ని ఆంపియర్లదో కంటికి కనబడే అక్షరాల్లో రాయకుండా అమ్మనివ్వకూడదు.

ఎలక్ట్రీషియన్లకు ఒక మాట. ముడేసి టేపు చుట్టిన చోట లగ్గు వేసి నొక్కండి. అల్యూమినియం, రాగి కలిసే చోట రెండు లోహాల లగ్గు వాడండి. కొనేవాడు డబ్బులు ఎక్కువంటే స్విచ్చుల డిజైన్లో తగ్గించమనండి, సాకెట్లో వద్దు.

చదివేవాళ్లకు ఇంకొకటి. ఈ రాత్రి ఇంట్లో గీజరో ఏసీయో ఇస్త్రీపెట్టెయో అరగంట నడిచాక స్విచ్చు ఆపండి, ప్లగ్గు బయటికి లాగండి, ముందు ప్లగ్గు ఒంటి మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి చురుక్కుమన్నా, పిన్ను నల్లబడినా, సాకెట్ మూతి పసుపురంగుకు తిరిగినా, ఆ సాకెట్‌ను మళ్లీ వాడకండి. రేపు పొద్దున్న మెయిన్ ఆపించి, దాన్నీ దాని ప్లగ్గునూ రెండింటినీ మార్పించండి. ఎంసీబీ పడలేదు కదా అని ఆగకండి.